ఏడు, ఒకటి, ఒకటి

గురువారం జరిగే మ్యాచ్‌కు సోమవారం పొద్దున్నే గీతలు గీసే మనిషి సౌదీలోని హాయిల్ మొత్తం మీద భూమేష్ ఒక్కడే అయ్యుంటాడు. మూడు రోజుల్లో నీళ్ళకూ బూట్లకూ ఆ సున్నం చెదిరిపోతుందనీ, బుధవారం మళ్ళీ గీయక తప్పదనీ అతనికి తెలుసు. అయినా ఆరింటికే సున్నం బండి తోసుకుంటూ గ్రౌండులో తిరుగుతున్నాడు. ఏం చేస్తాడు మరి! ఆదివారంతో ఇకామా, ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, అయిపోతుంది. ఆ కార్డు కొత్తదైతే ఇంకో ఏడాది ఈ గడ్డి మీద నడుస్తాడు. కాకపోతే పాస్‌పోర్టులో ఫైనల్ ఎగ్జిట్, తర్వాత విమానం. ఆదివారం గుర్తుకొచ్చినప్పుడల్లా చేతులకు ఏదో ఒక పని కావాల్సి వస్తోంది.

గ్రౌండు నడుమ మేకు దిగ్గొట్టి, దానికి తాడు కట్టి, తాడు బిగువు తప్పకుండా చుట్టూ తిరిగాడు. మెట్‌పల్లిలో గోడలు కట్టేటప్పుడు వాడిన మేస్త్రీ తాడే అది. తొమ్మిది మీటర్ల పదిహేను సెంటీమీటర్ల దగ్గర ఒక ముడి, పెనాల్టీ చుక్క కొలతకు ఇంకో ముడి. తొమ్మిదేళ్ళుగా ఆ ముడులు ఒక్క వేలెడు కూడా జరగలేదు. టేపు తెచ్చి కొలిచిన కోచ్ లత్ఫీ కూడా ఆ తర్వాత టేపు తేవడం మానుకున్నాడు.

గేటు పక్కన రేకు బోర్డు ఉంది. దానికి నాలుగు మేకులు. ఆడినవి, గెలిచినవి, సమమైనవి, ఓడినవి. ఒక్కో మేకుకు అరబ్బీ అంకె రాసిన రేకు ముక్క వేలాడుతుంది. తొమ్మిది, ఏడు, ఒకటి, ఒకటి. పోయినేడు ఇదే బోర్డు మీద గెలిచినవి రెండు. ఈ కాలేజీ మొదలైనప్పటి నుంచీ ఏడు ఎన్నడూ చూడలేదు. భూమేష్ వచ్చిన కొత్తలో, ఒక మధ్యాహ్నం ఎనిమిది రేకు కోసం వెతికి వెతికి, గెలిచినవాటి మేకుకు ఏడునే తలకిందులుగా తగిలించాడు. అరబ్బీ ఏడును తిరగేస్తే ఎనిమిదే అవుతుంది. చిక్కేమిటంటే, ఆ రోజు జట్టు గెలిచింది ఏడు కూడా కాదు, ఒకటి. ఏ మేకుకు ఏ లెక్కో అప్పటికి అతనికి తెలియదు. రెండు రోజులపాటు కాలేజీ అంతా వచ్చి నవ్విపోయింది. అప్పటి నుంచి ప్రతి అంకె వెనకా, కింది అంచున, చిన్న గుడ్డపేలిక అంటించుకున్నాడు. బోర్డును ఇంకెవర్నీ ముట్టనివ్వడు.

"సదీక్! మిత్రమా, ఒకసారి వెనక్కి తిరుగు."

కెప్టెన్ మిషాల్. ఇరవై ఒక్కేళ్ళవాడు, తొమ్మిదో నంబరు, ఈ సీజన్లో పదకొండు గోల్స్ కొట్టాడు. పరుగు కోసం రోజూ పొద్దున అందరికంటే ముందు వస్తాడు. చేతిలో ఫోన్ ఉంది.

"తిరుగు. కదలకు."

భూమేష్ తిరిగి నిలబడ్డాడు. మిషాల్ వేలు అతని వీపు మీద, యూనిఫాం మీద అచ్చువేసిన కంపెనీ పేరు వెంట మెల్లగా నడిచింది. ఒక అక్షరం చూడడం, ఫోన్ చూడడం, మళ్ళీ ఒక అక్షరం. తర్వాత పెద్దగా నవ్వాడు.

"వల్లా, ఇదే! నీ కంపెనీలో నాకు ఉద్యోగం ఇచ్చారయ్యా. ఉద్యోగుల ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. పోయిన నెల ఒకటో తారీఖు నుంచి నేను మీ కంపెనీ మనిషినట."

"ఏం ఉద్యోగం?" అన్నాడు భూమేష్ వచ్చీరాని అరబ్బీలో.

"మైదానం పనివాడు!"

మిషాల్ సున్నం బండి పిడి లాక్కున్నాడు. "ఇవాళ్టి నుంచి పని నాది. నువ్వు పోయి అక్కడ కూచో." కోచ్ కూర్చునే బెంచీ చూపించాడు. నీడకు రేకు కప్పిన నీలం బెంచీ అది. తొమ్మిదేళ్ళలో భూమేష్ దాన్ని తుడిచాడు, రంగు వేశాడు, విరిగిన కాలికి వెల్డింగ్ చేయించాడు. కూర్చోలేదు.

అతనూ నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే ఆరు కార్డులు గుర్తొచ్చాయి. ఒకటి, నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు. ఆ పిల్లల పేర్లు పలకడం రాక అతను చొక్కాల మీది నంబర్లతో గుర్తుపెట్టుకుంటాడు. పోయిన నెల మొదలవుతుండగా వాళ్ళ గుర్తింపు కార్డులు అడిగి తీసుకుని, జిరాక్సులు తీయించి, కంపెనీ ఆఫీసులో ఇచ్చింది అతనే.

మిషాల్ బండిని పది గజాలు తోసి, గీత వంకర పోతే తిట్టుకుని, అక్కడే వదిలేసి పరుగుకు పోయాడు. "తప్పు మెసేజ్ అయ్యుంటుందిలే," అని అరిచాడు దూరం నుంచి. వంకరగీతను భూమేష్ బూటుతో తుడిచాడు. ఒకచోటనే చాలాసేపు తుడిచాడు.

*

మంగళవారం సాయంత్రం ప్రాక్టీసుకు ముందు కోచ్ లత్ఫీ పిల్లలందర్నీ గడ్డి మీద కూర్చోబెట్టాడు. ట్యునీషియా మనిషి, గొంతు పెద్దది. గోల్ వలకు ముడులు వేస్తున్న భూమేష్‌కు ప్రతి మాటా వినిపించింది.

"రేపు సాయంత్రం ఆరు గంటలకు కమిటీవాళ్ళు మీ కాగితాలు చూస్తారు. ఈ లీగు విద్యార్థులది. ఉద్యోగం ఉన్నవాడు ఆడకూడదు. అభా నగరంలో ఒక కాలేజీకి ఏమైందో విన్నారు కదా? ఒక్కడి పేరు మొబైల్ షాపులో ఉద్యోగిగా ఉందని, వాడు ఆడిన మ్యాచ్‌లన్నీ ఓటమి కింద రాశారు. మూడు గోల్స్ తేడాతో. మీలో ఎవరికైనా ఉద్యోగం ఉందా?"

అందరూ నవ్వారు. లేదన్నారు.

"మీకు తెలియకుండా ఎవరైనా మీ పేరు ఎక్కించి ఉంటే, కమిటీ చూడకముందే మీరే ఇన్సూరెన్స్ వెబ్‌సైటులో 'నేను అక్కడ పనిచేయడం లేదు' అని రాయాలి. ముందు రాసినవాడిది తప్పు కాదు. వాళ్ళు పట్టుకున్నాక రాస్తే చెల్లదు. యల్లా, లేవండి."

మిషాల్ ఆ సాయంత్రం లేడు. అన్న పెళ్ళి మాటలకని బురైదా పోయాడు, రేపు వస్తాడు. మిగతా ఐదుగురికీ మెసేజ్ రాలేదో, వాళ్ళ నాన్నల ఫోన్లకు పోయిందో, లేచి దుమ్ము దులుపుకుని పరుగుకు పోయారు. భూమేష్ వేళ్ళతోనే లెక్కవేశాడు. పోయిన నెల ఒకటో తారీఖు నుంచి ఆడినవి నాలుగు. నాలుగూ గెలిచారు. అవి పోతే ఏడులో మూడు మిగులుతాయి. అయిదు ఓటములు. ఇంత ఎండలో, ఇంత ఇసుకలో, ఈ పిల్లలు చచ్చీచెడీ తెచ్చుకున్నవి!

వల సగం కట్టిందే వదిలేసి, కంపెనీ ఆఫీసుకు నడిచాడు. కాలేజీ వెనక గేటు బయట ఉన్న రేకుల కేబిన్ అది. ఖాదర్ మొహిద్దీన్ ఒక్కడే ఉన్నాడు. ప్రొద్దుటూరు మనిషి, కంపెనీ కాగితాలన్నీ ఆయన చేతిమీదుగానే పోతాయి. పాలు లేని టీ తాగుతూ కంప్యూటరు చూస్తున్నాడు.

"రాప్పా భూమేషూ. ఆదివారం నీ ఇకామా కూడా పెడతాండా. బయపడాకు."

"ఖాదర్ భాయ్, పిలగాండ్ల కార్డులు ఖఫ్జీ ఊర్ల మ్యాచుకు గేటు పాసులకని తీసుకున్నరు గదా?"

"అవును. పాసులు తీసినాం కదా."

"పాసులు ఇరవై మందికి. కార్డులు ఆరే ఎందుకు తీసుకున్నరు?"

ఖాదర్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడు అడుగుతాండావే! అప్పుడు అడిగింటివా?"

భూమేష్ అప్పుడు అడగలేదు. ఆరే ఎందుకనే మాట అప్పుడూ మనసులో మెదిలింది. 'ఈ పని చేసిపెడితే నీ ఇకామా సులువుగా అయిపోతాది' అని ఖాదర్ అన్నాక, ఆ మాటను తనే నొక్కేశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఖాదర్ కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "ఇను. కంపెనీలో ఇంతమంది విదేశీయులుంటే ఇంతమంది సౌదీలుండాలని లెక్క. మనకు ఆరుమంది తక్కువైరి. ఆ ఆరు పేర్లు లేకుంటే కంపెనీ సర్కారు లెక్కలో ఎరుపులో పడతాది. ఎరుపులో పడితే ఒక్క ఇకామా కొత్తది కాదు. నీదీ కాదు, నాదీ కాదు. ఇరవై నాలుగు మందివి నిలబడిపోతాయి. ముదీర్, మన మేనేజరు, పేర్లు తెమ్మన్యాడు, నేను తెచ్చినా. నాకేం సంతోషమా? తలకింత లెవీ పన్ను కట్టలేక పోయినేడే నా పెండ్లాం ముబష్షిరానీ పిల్లోల్లనీ ఊరికి తోలినా."

"వాళ్ళ పేర్లు తీసెయ్యుండ్రి."

"తీసేస్తాం. సోమవారం తీసేస్తాం. ఆదివారం ఇకామాలు కానీ. నాలుగు దినాలు నోరు మూసుకోలేవా?"

"రేపే కమిటోళ్ళు సూస్తరట. గెలిచినయన్ని పోతయట."

"పోతే ఏం పోతాదప్పా? రేకు మీద అంకెలే కదా!"

భూమేష్‌కు ఒళ్ళు మండింది. టీ గ్లాసు తీసి కింద కొట్టాలనిపించింది. కొట్టలేదు. అంత ధైర్యం ఉంటే ఆ రోజే అడిగుండేవాడు.

అతను తలుపు దాకా పోయాక ఖాదర్ వెనక నుంచి అన్నాడు. "ఒక మాట గుర్తుపెట్టుకో. కార్డులు అడిగి తెచ్చింది నువ్వు. ఎవురన్నా అడిగితే ముందు నీ పేరే వస్తాది."

*

సందెవేళ మగ్రిబ్ అజాన్ అయిపోయింది. రూములో నాగేందర్ టమాటాలు కోస్తున్నాడు. ఆర్మూరు పక్క పల్లె, ముప్పై ఏళ్ళు ఉంటాయి. కాలేజీ ఏసీలు బాగుచేస్తాడు. అతని ఇకామా కూడా ఆదివారమే. భూమేష్ మంచం మీద కూర్చున్నాడు, లేచాడు, తలుపు తీశాడు, వేశాడు.

"ఏందే అన్నా గట్ల తిరుగుతున్నవ్? పిల్లి లెక్క. కూసో."

భూమేష్ చెప్పాడు. దాచుకోవడం అతనికి చేతకాదు. నాగేందర్ చాకు పట్టుకునే విన్నాడు. విన్నాక ఒక టమాటాను కావాల్సినదానికన్నా చిన్నగా కోశాడు.

"అన్నా, నీ కాళ్ళు మొక్కుత. నోరు తెరవకు. ఇంకొక్క ఏడు ఉంటే నా ఇంటి స్లాబు పడ్తది. నువ్వు చెప్తె నీ ఒక్కని ఇకామా పోదు. ఇరవై నాలుగు మందిమి పోతం. గా షేకుల పోరలు మ్యాచ్ ఓడిపోతె వాళ్ళకు అన్నం దొర్కదా?"

అదీ నిజమే. భూమేష్ బాల్చీలో నీళ్ళు పట్టి, పొద్దున ఉతికి ఆరేసిన జెర్సీలను మళ్ళీ నానబెట్టాడు. ఆరు. నాగేందర్ చూసి తల పట్టుకున్నాడు.

ఫోన్ మోగింది. మెట్‌పల్లి నుంచి భార్య స్వర్ణ. మంగళవారం ఆమె చేసే రోజు కాదు, గురువారం చేస్తుంది. బీడీలు చుట్టుకుంటూ ప్రతి మ్యాచ్ సంగతీ అతని నోటితోనే వింటుంది. వాడకట్టు ఆడవాళ్ళకు ఆమే వార్తాపత్రిక. మిషాల్‌ను ఆమె 'మన తొమ్మిది పిలగాడు' అంటుంది.

"ఎల్లుండిది ఆఖరు మ్యాచ్ గదా, పానం ఆగలే. గెలుస్తరా?"

"గెలుస్తరు."

"ఏందట్ల సప్పగ చెప్తున్నవ్? తొమ్మిది పిలగానికి కాలు నొప్పి గిట్లయిందా?"

అప్పుడు ఆమెకూ చెప్పాడు. అవతల బీడీ ఆకు కోసే కత్తెర చప్పుడు కాసేపు వినిపించింది, తర్వాత ఆగింది.

"కార్డులు నువ్వే తీస్కపోయి ఇచ్చినవా?"

"నేనే."

"ఎందుకని అడగలే?"

"ఇకామ ఐతదన్నరు."

"పిలగాండ్లకు తెల్వదా?"

"తెల్వది."

"మరి నాకెందుకు చెప్తున్నవయ్యా? చెప్పాల్సినోళ్ళకు చెప్పు." కత్తెర మళ్ళీ మొదలైంది. "ఇంటికొస్తే రా. తలుపు తీసే ఉంటది. గని మొకం దాసుకొని రాకు."

*

బుధవారం మూడింటికి గీతలు గీయడం అయిపోయింది. మళ్ళీ ఒకసారి గీశాడు. మూడున్నరకు డ్రెస్సింగ్ రూము తాళం తీశాడు.

గోడకు ఇరవై కొక్కేలు. ప్రాక్టీసుకు ముందే ఒక్కో కొక్కేనికి ఒక్కో జెర్సీ, నంబరు బయటికి కనిపించేలా, చేతులు లోపలికి మడిచి తగిలించడం అతని పద్ధతి. ఎవరూ చెప్పింది కాదు, తనే పెట్టుకున్నాడు. లోపలికి వచ్చిన పిల్లవాడు తన నంబరు చూడగానే ఒళ్ళు విరుచుకుని నిలబడతాడు, అది చూడడం అతనికి ఇష్టం. ఇవాళ పద్నాలుగు తగిలించాడు. ఆరు మిగిల్చాడు. వాటిని నడుమ బెంచీ మీద వరుసగా పరిచి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాగేందర్ ముఖం గుర్తొచ్చింది. తీసి తగిలించేద్దామా అని ఒకటో నంబరు చేతిలోకి తీసుకున్నాడు కూడా.

తలుపు తోసుకుని గోల్‌కీపర్ నవాఫ్ వచ్చాడు. ఖాళీ కొక్కెం చూశాడు. "నా చొక్కా ఏది?"

భూమేష్ చేతిలోది చూపించాడు. "ఒకటి, ఇది. నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు. ఈ ఆరు... కంపెనీలో పని. కాగితంలో పని. నేను కార్డు తీసుకున్నాను. నేను ఇచ్చాను." అరబ్బీలో అతనికి ఇంతకంటే రాదు. రాని మాటలకు చేతులు అడ్డం వేసుకున్నాడు. తన వీపు మీద కంపెనీ పేరు చూపించాడు, చేతిలోని చొక్కా చూపించాడు, ఒకదాని మీద ఒకటి పెట్టాడు.

నవాఫ్‌కు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. చొక్కా లాక్కుని భూమేష్ ఛాతీ మీదికి విసిరికొట్టాడు. "గేటు పాసు అన్నావు! నువ్వు అడిగావని ఇచ్చాం. ఇంకెవరడిగినా ఇచ్చేవాళ్ళం కాదు!"

ఆ మాట చొక్కా కన్నా గట్టిగా తగిలింది. నిజమే కదా, అందుకే ఖాదర్ తనను పంపాడు.

ఒక్కొక్కరే వచ్చారు. అరుపులు లేచాయి. కోచ్ లత్ఫీ పరుగెత్తుకొచ్చి, సంగతి విని, గోడను ఒక్క గుద్దు గుద్దాడు. గడియారం చూశాడు. నాలుగు నలభై. "తిట్టడం తర్వాత. ఫోన్లు తీయండి!"

మిషాల్ కాక మిగతా అయిదుగురూ బెంచీ మీద, తమ చొక్కాల పక్కన, వరుసగా కూర్చున్నారు. అయిదుగురి పేర్లు వెతికితే అయిదూ కంపెనీ జాబితాలో దొరికాయి. ఒకడు తోటమాలి, ఇద్దరు కాపలావాళ్ళు, ఇద్దరు శుభ్రంచేసేవాళ్ళు. అప్పుడే బురైదా నుంచి దిగిన మిషాల్ బూట్లు కూడా విప్పకుండా నిలబడే తన ఫోన్ చూస్తున్నాడు. ఇవాళ నవ్వడం లేదు.

"ఫారం చివర ఒకటి అడుగుతోంది," అన్నాడు. "నీ కార్డు ఎవరు తీసుకున్నారు, అని."

అందరూ భూమేష్ వైపు చూశారు.

"రాయి," అన్నాడు భూమేష్. "భూమేష్ అని రాయి."

మిషాల్ అతన్ని కాసేపు చూసి ఏదో టైపు చేశాడు. ఏం రాశాడో భూమేష్‌కు తెలియదు, చదవడం రాదు. మిగతావాళ్ళు మిషాల్ ఫోన్‌లో చూసి అదే రాసుకున్నారు. కోచ్ ఆఫీసు ప్రింటరు దగ్గరికి ఉరికాడు. ఆరుకు పది నిమిషాలు ఉండగా ఆరు కాగితాలు వచ్చాయి.

ఆ సాయంత్రం ఎవరూ భూమేష్‌తో మాట్లాడలేదు. అతను బెంచీ మీది చొక్కాలు తీసి కొక్కేలకు తగిలించాడు.

*

గురువారం మ్యాచ్‌ను అతను సరిగ్గా చూడలేదు. గోల్ వెనక, దక్షిణం వైపు, బయటికి పోయిన బంతి తేవడానికి నిలబడ్డాడు. బంతి రాకపోయినా అటూ ఇటూ నడిచాడు. రెండోసగంలో ఒకటికి ఒకటి. ఇంకో ఆరు నిమిషాలుందనగా మిషాల్ తన్నిన బంతి ఎక్కడికో పోవాల్సింది, ఎదుటి జట్టువాడి మోకాలికి తగిలి గోల్‌లో పడింది. అందంగా ఏమీ లేదు. కానీ గోల్ గోలే. భూమేష్ ఎగిరాడు. ఎగిరిన తర్వాత, తనకా హక్కు ఉందో లేదో తెలియక, వంగి లేని బంతి కోసం వెతికాడు.

బోర్డు మార్చబోతే కోచ్ వద్దన్నాడు. అనుకున్నట్టే ఎదుటి కాలేజీవాళ్ళు ఫిర్యాదు ఇచ్చారు. మీ ఆరుగురూ ఉద్యోగస్తులే అన్నారు. ఇక శుక్రవారం, శనివారం కాలేజీకి సెలవు. ఆ రెండు రోజులూ భూమేష్ గడ్డికి నీళ్ళు పట్టాడు. పట్టినచోటే మళ్ళీ పట్టాడు. గేటు దాకా పోయి తొమ్మిది, ఏడు, ఒకటి, ఒకటి చూసి వెనక్కి వచ్చాడు.

ఆదివారం పొద్దున కేబిన్ ముందు ఇరవై నాలుగు మందీ గుమిగూడారు. ఖాదర్ కంప్యూటరు తెరను వాళ్ళ వైపు తిప్పాడు. కంపెనీ పేరు పక్కన ఎర్ర గీత ఉంది. ఎవరో గట్టిగా తిట్టారు. నాగేందర్ భూమేష్ వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే భూమేష్‌ను ఎక్కువ బాధపెట్టింది.

"అయిపోయినట్టేనా భాయ్?" అన్నాడు నాగేందర్.

ఖాదర్ గెడ్డం గోక్కున్నాడు. "అయిపోలేదప్పా. ఎరుపులో పడిన కంపెనీ మనిషిని ఇంకో కంపెనీ తీసుకోవచ్చు. మన ముదీర్ సంతకం అక్కరలేదు. వాడు ఆపలేడు కూడా."

కొంతసేపు ఎవరికీ అర్థం కాలేదు. నాగేందర్‌కే ముందు అర్థమైంది. "అంటే, మూడేండ్ల సంది అడుగుతుంటే ఇయ్యని సంతకం... ఇప్పుడు వద్దా?"

"వద్దు. కూరగాయల ఫారాలోల్లకు కోల్డ్ స్టోరేజీకి ఏసీ మనుషులు కావాలంట. నేనే అడిగి పెట్టినా. నేనూ ఖఫ్జీ పోతాండా."

"నీకు ముందే తెల్సా భాయ్ ఇది?"

ఖాదర్ తల దించుకున్నాడు. "తెలుసు. ముదీర్ ఉప్పు తింటాంటి. నోరు రాలేదు."

గుంపు విడిపోయింది. అరగంటలో అందరి చెవులకూ ఫోన్లు అంటుకున్నాయి. నాగేందర్ వెనక్కి వచ్చి భూమేష్ భుజం పట్టుకుని ఊపాడు. "అన్నా, నువ్వు నోరు తెరిస్తేనే మంచిగయింది గదనే! నువ్వు గూడ మాతోని రా. ఫారంల నీళ్ళు వట్టుడే గద పని."

భూమేష్ ముఖం వెలిగింది. ఎరుపు అనే మాటకు ఇంత మంచి అర్థం ఉంటుందని అనుకోలేదు. ఖాదర్ కేసి చూశాడు. ఖాదర్ సొరుగులోంచి అతని పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు, తీసి చేతికి ఇవ్వలేదు.

"భూమేషూ, నీ సంగతి వేరప్పా. ఆ పిల్లోల్లు రాసిన ఆరు కాయితాలూ నేను చదివినా. నీ పేరు యాడా రాయలేదు. కంపెనీ తీసుకున్యాదని మాత్రం రాసినారు. అయినా ఎవురు చెప్పినారో ముదీరుకు తెలీదా? ఎరుపు పడకముందే, గురువారం పొద్దున్నే, నీ ఒక్కని ఎగ్జిట్ కొట్టించినాడు. అది పడినాక ఇంకెవురూ తీసుకోలేరు. ఎల్లుండి పది గంటలకు బస్సు, ఆ రాత్రికే రియాద్‌లో విమానం."

గురువారం పొద్దున్నే! అంటే గోల్ వెనక ఎగిరినప్పటికే అతను ఈ దేశంలో లేనట్టే. ఆ లెక్కకు భూమేష్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నాగేందర్ బల్ల మీద చెయ్యి కొట్టి ముదీర్‌ను తల్లిదగ్గర నుంచి తిట్టాడు. ఖాదర్ ఆపలేదు.

*

మంగళవారం పొద్దున ఆరింటికే భూమేష్ గ్రౌండుకు వచ్చాడు. సామాను కట్టడం అయిపోయింది, రూములో కూర్చోలేకపోయాడు. ముందురోజు సాయంత్రం కమిటీ తీర్పు వచ్చిందని కోచ్ ఫోన్ చేసి చెప్పాడు. ఫిర్యాదు కొట్టేశారు. ఆరుగురూ ముందే రాశారు కాబట్టి గెలుపులన్నీ నిలిచాయి. చివరన కోచ్ ఏదో ఇంకా చెప్పబోయి, బోర్డు మార్చు అని పెట్టేశాడు.

గేటు దగ్గర పాత పికప్ ఆగి ఉంది. మిషాల్ చెప్పులు విప్పి, తెల్లని పొడవాటి తోబ్ అంచు నడుముకు చెక్కుకుని నిలబడ్డాడు.

"పది గంటలకట కదా బస్సు. నేను దింపుతాను," అన్నాడు. "ముందు పని చూపించు."

"ఏం పని?"

"నీ పని. కాగితంలో నాది. కొత్తవాడు వచ్చేదాకా ఈ గడ్డి ఎవరు చూస్తారు? కోచ్‌కు ఆ వాల్వు ఎటు తిప్పాలో కూడా తెలియదు."

భూమేష్ నమ్మలేదు. తర్వాత నమ్మాడు, ఎందుకంటే ఆ పిల్లవాడి కాళ్ళకు ఇసుక అంటుకుని ఉంది, వాడు అప్పటికే వాల్వుతో కుస్తీ పట్టి ఓడినట్టున్నాడు. వాల్వు చూపించాడు. మేస్త్రీ తాడు విప్పి, ఏ ముడి దేనికో చూపించి, చుట్టచుట్టి మిషాల్ చేతిలో పెట్టాడు. మెట్‌పల్లిలో తాళ్ళకు కరువు లేదు. బోర్డు దగ్గరికి తీసుకుపోయాడు. ఆడినవి పది చేశాడు. ఏడు రేకును మాత్రం తను ముట్టలేదు, వేలితో చూపించాడు. మిషాల్ దాన్ని తీసి తలకిందులుగా తగిలించాడు. వెనకనున్న గుడ్డపేలిక పైకి వచ్చింది. ఎనిమిది.

"ఎనిమిది, ఒకటి, ఒకటి," అన్నాడు మిషాల్. తర్వాత బెంచీ చూపించి, "ఇక నువ్వు కూచో. ఆ రోజే చెప్పాను కదా."

భూమేష్ వద్దన్నాడు. మిషాల్ భుజాలు పట్టి తీసుకుపోయి నీలం బెంచీ మీద కూర్చోబెట్టాడు. పైపు భుజాన వేసుకుని గ్రౌండు నడుమకు నడిచాడు.

ఇక్కడి నుంచి చూస్తే గడ్డి ఇంకోలా ఉంది. ముందురోజు మళ్ళీ వేసిన గీతలు తిన్నగా, తెల్లగా, రెండు గోల్స్ దాకా పోయాయి. బాగానే గీశాను, అనుకున్నాడు. తొమ్మిదేళ్ళు గీశాను. కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు, చూసేవాళ్ళు ఎవరూ లేరు.

రెండు నిమిషాలు కూర్చున్నాడో లేదో. మిషాల్ పైపును ఒకేచోట పట్టుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. సెంటర్ సర్కిల్ పక్కన నీళ్ళు మడుగు కట్టాయి. తెల్లగీత కరిగి పాలలా పారడం మొదలైంది.

భూమేష్ ఒక్క ఉదుటున లేచాడు.

"అరేయ్, ఒక్కతాన్నే పోస్తవేందిరా! గడ్డి సావదా? జరుపు! అటు జరుపు!"

తొమ్మిదేళ్ళలో ఆ గ్రౌండులో అతను ఎవరి మీదా అరవలేదు. అరిచింది తెలుగులోనని కూడా గమనించలేదు. ఏమన్నాడో మిషాల్‌కు అర్థం కాలేదు. ఉలిక్కిపడి ఫోన్ జేబులో వేసుకుని, పైపు పక్కకు జరిపాడు.